వేరుబొడిపెలోని ఉమ్మడి దస్తావేజు
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాస పాఠము)



ఈ గ్రంథాలయము తలుపులు తెరచి ఇరువదియైదు సంవత్సరములు నిండినవి. ఇందలి పుస్తకములను ఎరవు గొనిపోయి చదువుకొన్నవారిలో నేనొకడను. మా తండ్రిగారు ఈ యూరి కరణములు. 1984లో ఆ యుద్యోగములు రద్దయినవి. తరువాత నేను ఊరిలోని సంఘముల లెక్కలు, రైతుల లెక్కలు వ్రాయుచు కాలము గడపుచున్నాను. భారతము గాని మనుచరిత్రము గాని నాకు గురుముఖమున అబ్బినవి కావు. ఈ బీరువాల పుణ్యమే. కార్యదర్శిగారు ఇది తలచియే కాబోలు, నేడు నన్ను ప్రబంధములను గూర్చి మాటలాడుమనిరి. నేను మినుము వేరులోని బాక్టీరియాలను గూర్చి చెప్పెదననగా వారు కొంత నివ్వెరపోయిరి. కాని వరి కోసిన చేలలో మినుము చల్లుకొని బ్రదుకువారు ఈ సభలో సగముమందికి పైగా నున్నారు. వారి చేలలో, వారి పాదముల క్రింద జరుగు వ్యవహారము ఏ ప్రబంధకథకును తీసిపోదని నా నమ్మకము.

దీనిని ఎత్తికొనుటకు మరియొక కారణము కలదు. కొలది నెలల క్రిందట, ఇదే అరుగుమీద, చదువుకొని సేద్యము చేయుచున్న ఒక యువకుడు నన్నడిగెను: ‘‘బాబాయిగారూ! గాలిలోని నత్రజనిని పట్టి యిచ్చు జన్యువేదో పప్పుజాతి మొక్కల వేళ్ళలో ఉన్నదట గదా! దానిని తీసి వరికెక్కించినచో యూరియా కొరకు వరుసలో నిలుచు బాధ తప్పును గదా! ఈ శాస్త్రజ్ఞులు ఇంతకాలమేమి చేయుచున్నారు?’’

ప్రశ్న మంచిది. అడిగిన తీరులో కొంత కోపమున్నది, అదియును న్యాయమే. నేనప్పుడు చెప్పిన సమాధానము చిన్నది: ‘‘నాయనా! ఆ ఆస్తి ఒక్కరి పేర లేదు. ఇద్దరి పేర నున్నది.’’ అతనికిది తృప్తి కలిగింపలేదు. తరువాత ఇక్కడి పుస్తకములను, పట్టణమునుండి తెప్పించుకొన్న మరికొన్నింటిని చదివి, ఆ దస్తావేజును పంక్తి పంక్తిగా పరిశీలించితిని. అందలి సంగతులే నేడు మనవి చేయుదును.

ముందుగా నిల్వ ఎంతయో చూతము. గాలిలో నూటికి 78 పాళ్ళు నత్రజని. ఒక యెకరము నేలమీద ఆకాశమువరకు నిలిచియున్న గాలి బరువు గట్టి, అందు నత్రజని భాగము లెక్కించి చూచితిని. సుమారు 31 వేల టన్నులు తేలినది. మనము కొనితెచ్చు 45 కిలోల యూరియా బస్తాలో నున్న నత్రజని 20 కిలోల 700 గ్రాములు. నెత్తిమీద అంత నిధి యుండగా ఇరువది కిలోలకొరకు ఎండలో నిలుచువాడు రైతు. నిధి యున్నది గాని దానికి తాళము పడియున్నది. గాలిలో నత్రజని పరమాణువులు రెండేసి జతలుగా, ఒక్కొక్క జత మూడు బంధములతో బిగిసి యుండును. ఆ ముడి విప్పినగాని మొక్కకు ఉపయోగము లేదు. జర్మనీ దేశమున హేబరు 1909లో ప్రయోగశాలయందు దానిని విప్పెను. 1913లో ఓపావు పట్టణమున బాష్ కర్మాగారము నెలకొల్పెను. నాలుగువందల డిగ్రీలు దాటిన వేడి, గాలి ఒత్తిడికి ఇన్నూరు రెట్లు ఒత్తిడి కావలసి వచ్చినవి. అదే పని మినుము వేరులో చల్లని మన్నులో, చప్పుడు లేకుండ, పొగ లేకుండ జరుగుచున్నది.

ఈ పని మొక్క తానై చేయునది కాదని తెలిసి నూటముప్పది యేండ్లు దాటినది. జర్మనీలోనే హెల్‌రీగెల్ అను నాతడు బఠాణీలను శుద్ధిచేసిన ఇసుకలో పెంచి చూచెను. నత్రజని పెట్టనిచో అవి మాడిపోయినవి. ఆ ఇసుకలోనే పొలపు మట్టిని కలిపి వడగట్టిన నీరు కొంచెము పోయగా పచ్చబడి పెరిగినవి. వేళ్ళకు బొడిపెలు వచ్చినవి. ఈ విషయము నాతడు 1886లో బెర్లిను సభలో ప్రకటించెను. రెండేండ్లకు, అనగా 1888లో, హాలెండు దేశస్థుడు బైజరింక్ ఆ బొడిపెనుండి బాక్టీరియాను విడదీసి పెంచెను. మరుసటి యేట ఫ్రాంక్ దానికి రైజోబియం అని పేరు పెట్టెను. వేరులో బ్రదుకునది అని దాని యర్థము. ఇంతవరకు పాఠశాల పుస్తకములలోనే కలదు. నేను చెప్పదలచినది ఆపైని కథ.

నత్రజని ముడి విప్పు యంత్రమునకు నైట్రోజినేస్ అని పేరు. అది బాక్టీరియాది. దానిని నిర్మించు జన్యువులను నిఫ్ జన్యువులందురు. మన యువకుని ప్రశ్న ఒకప్పుడు శాస్త్రజ్ఞుల ప్రశ్నయే. 1972లో ఇంగ్లాండునందు డిక్సన్, పోస్ట్‌గేట్ అను నిరువురు, స్వేచ్ఛగా బ్రదుకుచు నత్రజనిని పట్టు క్లెబ్‌సియెల్లా అను బాక్టీరియానుండి ఈ జన్యువుల వరుసను ఈ.కోలై అను మన పేగులలోని బాక్టీరియాకు మార్చిరి. ఈ.కోలై గాలిలోని నత్రజనిని పట్టగలిగినది! నాడు లోకము సంబరపడినది. నేడో రేపో గోధుమకును వరికిని అదే భాగ్యము పట్టునని పలువురు వ్రాసిరి. అర్ధశతాబ్దము గడచిపోయినది. వరి యింకను యూరియాకొరకే ఎదురు చూచుచున్నది. ఎందుచేత?

ఇక్కడ నాకు భారతములోని కచుని కథ స్మరణకు వచ్చుచున్నది. రాక్షసులు కచుని చంపి, కాల్చి, ఆ బూడిదను సురలో కలిపి శుక్రాచార్యునిచేత త్రాగించిరి. శిష్యుడు గురువు కడుపులో నున్నాడు. వెలికి వచ్చినచో గురువు చచ్చును. రాకున్న శిష్యుడు దక్కడు. అప్పుడు శుక్రుడు తన కడుపులోని వానికే మృతసంజీవని నుపదేశించెను; వాడు వెలికి వచ్చి గురువును బ్రదికించెను. ఒకని కడుపులో నొకడు, ఇద్దరి ప్రాణము ఒకే మంత్రముమీద. వేరుబొడిపె అట్టిది. తేడా యొక్కటే: కచుడు మంత్రము పూర్తిగా నేర్చుకొనియే బయటకు వచ్చెను. బొడిపెలో మంత్రపు సగమక్షరములు అతిథి యొద్ద, సగమక్షరములు ఇంటివాని యొద్ద నుండిపోయినవి.

మొదటి పంక్తి పరిచయమునకు సంబంధించినది. మన్నులో వేలరకముల బాక్టీరియాలుండును. అందు కొన్ని వేరును కుళ్ళజేయు దొంగలు. మొక్క తలుపు ఎవరికి తీయవలెను? లూసర్ను గడ్డిమీద జరిగిన పరిశోధన దీనికి సమాధానము చెప్పినది. లూసర్ను విత్తనమునుండి లూటియోలిన్ అను పదార్థము మట్టిలోనికి స్రవించుననియు, అది తగిలినప్పుడు దానికి తగిన రైజోబియంలో నాడ్ అను జన్యువులు మేల్కొనుననియు 1986లో అమెరికాలోని స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయమున షారన్ లాంగ్ బృందము కనుగొన్నది. మేల్కొన్న నాడ్ జన్యువులు ప్రత్యుత్తరము వ్రాయును. ఆ ప్రత్యుత్తరపు రూపమును 1990లో ఫ్రాన్సునందు టూలూజ్ పట్టణపు శాస్త్రజ్ఞులు తేల్చిరి: పీతచిప్పలో నుండు కైటిన్ వంటి చిన్న గొలుసు, దాని కొసకు ఒక కొవ్వు తోక. నాడ్-సి అను జన్యువు గొలుసు అల్లును. నాడ్-బి దాని కొసను చెక్కును. నాడ్-ఏ తోకను అతికించును. సీతమ్మ అంగుళీయకమును చూచి హనుమంతుని నమ్మినట్లు, వేరు ఈ ముద్రను చూచి నమ్మును. మిక్కిలి స్వల్పమాత్రలో సోకినను వేరునూగు వంకర తిరుగును. ఆ వంకరలో బాక్టీరియా చిక్కుకొనును. మొక్క తానే లోపలికి ఒక సన్నని గొట్టము నిర్మించి, దాని వెంట అతిథిని లోగిలిలోనికి గొనిపోవును.

ముద్ర యెంత సూక్ష్మమైనదో చూడుడు. లూసర్ను బాక్టీరియాలో నాడ్-హెచ్ అను జన్యువు ఆ గొలుసు మొదట గంధకముతో గూడిన చిన్న గుర్తు నొకటి తగిలించును. ఆ జన్యువు చెడినప్పుడు బాక్టీరియాకు లూసర్ను తలుపు మూతపడును. అంతకుముందు దానిని దరిజేరనీయని వెచ్ అను వేరొక పశుగ్రాసపు తీగ తలుపు తెరచుకొనును. ఒక అక్షరము మారిన యిల్లే మారినది. ముద్రను చదువు కన్నులు మొక్క జన్యువుల సృష్టి. వానిని 2003లో డెన్మార్కునందు గుర్తించిరి. కావున మొదటి పంక్తిలోనే ఇద్దరి సంతకములు కలవు. మన వేరుసెనగ మాత్రము కొంత మొరటు. దానికి లూసర్నువలె వేరునూగు మర్యాద లేదు. పక్కవేరు పుట్టుకొని వచ్చుచోట చీలికగుండ అతిథి లోనికి దూరును. వేరుసెనగ విషయమునకు మరల వత్తును.

రెండవ పంక్తి యంత్రమునకు సంబంధించినది. నైట్రోజినేస్ నడిబొడ్డున లోహపు ముడి యొకటి కలదు: ఏడు ఇనుప పరమాణువులు, ఒక మాలిబ్డినము, తొమ్మిది గంధకములు, వాని నడుమ ఒక కార్బన్, వీనిని అంటిపెట్టుకొని హోమోసిట్రేట్ అను ఆమ్లము. ఈ ఆమ్లమును తయారుచేయు జన్యువునకు నిఫ్-వి అని పేరు. స్వేచ్ఛగా మన్నులో నత్రజనిని పట్టు అజటోబాక్టర్, క్లెబ్‌సియెల్లా వంటివానికి నిఫ్-వి కలదు. ఆశ్చర్యమేమన, వేరులో బ్రదుకు రైజోబియంలలో పెక్కింటికి ఆ జన్యువు లేదు! యంత్రమంతయు నున్నది, తాళపుచెవి లేదు. మరి యంత్రమెట్లు నడచుచున్నది? జపానునందు మియకోగుస అను చిన్న పప్పుజాతి మొక్కలో బొడిపెలు వేసియు నత్రజని పట్టని వంశమొకటి యుండెను. దాని లోపమును వెదకుచు పోగా, హోమోసిట్రేట్ తయారుచేయు జన్యువు మొక్కలోనే యున్నదనియు, అది బొడిపెలో మాత్రమే పనిచేయుననియు, ఆ వంశమునకు అదియే చెడినదనియు 2009లో తేలినది. చెడిన మొక్క బొడిపెలోని బాక్టీరియాకు నిఫ్-వి జన్యువును బయటినుండి చేర్చగా పని మరల సాగినది. తాళపుచెవి ఇంటి యజమానురాలి కొంగున నున్నదన్నమాట! నేను చదివిన అన్నింటిలో నాకు మిక్కిలి నచ్చిన ఘట్టమిది. కవి కల్పించినచో అతిశయోక్తి యందుము.

మూడవది గాలి పేచీ. ఆక్సిజన్ తగిలిన నైట్రోజినేస్ చెడిపోవును. కాని ఆ యంత్రమును నడపు శక్తికొరకు బాక్టీరియా ఊపిరి పీల్చవలెను. ఊపిరికి ఆక్సిజన్ కావలెను. ఈ ధర్మసంకటమును తీర్చునది మొక్క. మన నెత్తుటిలోని ఎరుపునకు చుట్టమైన లెగ్ హీమోగ్లోబిన్ అను పదార్థమును బొడిపెలో నింపి, ఆక్సిజన్‌ను కావలసినంతమట్టుకే కొలిచి యందించును. పనిచేయు బొడిపె కోసిన లోపల ఎర్రగా నుండుట యిందువలననే.

ఇట్లు దస్తావేజులో ప్రతి పంక్తియు ఇద్దరి వ్రాతతో నున్నప్పుడు, సగము చించి వరి చేతిలో పెట్టిన ప్రయోజనమేమి? యువకుని ప్రశ్నకు సమాధానము ఇదియే. అయితే నిరాశకు తావు లేదు. వరి వట్టి పరాయిది కాదు. వేళ్ళతో కలిసి బ్రదుకు మంచి బూజులు కొన్ని కలవు. వానితో మొక్కల స్నేహము నలువదికోట్ల యేండ్లనాటిది. పప్పుజాతి బొడిపెల వయస్సు సుమారు ఆరుకోట్లే. ఆ బూజుల కొరకు తెరచిన పాత తలుపుగడియలనే తరువాత పప్పుజాతి బాక్టీరియాలకును వాడుకొన్నది. ఆ గడియలలో కొన్ని వరికి నేటికిని ఉన్నవి. గడియ చెడిన మియకోగుస మొక్కకు వరిలోని జన్యువు నొకదానిని చేర్చగా బొడిపెలు మరల వచ్చినవి. కనుక పని దీర్ఘమైనది గాని అసాధ్యమని నేననను. అది రేపటి యేరువాకకు అందునని చెప్పి ఎవరైన ఏదైన అమ్మజూపిన, కొనవలదని మాత్రము అందును.

ఇక నా వృత్తిధర్మమునకు వత్తును. జమాఖర్చు.

ఒక్క నత్రజని జంటను విడదీసి రెండు అమ్మోనియాలు చేయుటకు బాక్టీరియా తక్కువలో తక్కువ పదునారు ఏటీపీలు ఖర్చు పెట్టవలెను. ఏటీపీ యనునది జీవకణములలో చెల్లుబడియగు శక్తినాణెము. ఆ నాణెములు ఎవరివి? మొక్క ఎండలో సంపాదించిన చక్కెర మాలిక్ ఆమ్లముగా మారి బొడిపెకు చేరును. దానిని లోనికి తీసికొను జన్యువు చెడిన బాక్టీరియా ఇంటిలో నుండియు పని చేయలేదు. పనిచేయునప్పుడు కొంత హైడ్రోజన్ వృథాగా పోవును. కొన్ని వంశములకు దానిని పట్టి మరల శక్తిగా మార్చుకొను హప్ అను జన్యువులు కూడ కలవు. తరుగును రాబట్టుకొను ఇట్టి గుమాస్తా దొరకుట ఏ సంఘమునకైన అదృష్టము.

ఇంత ఖర్చున్నందున మొక్క బొడిపెలను లెక్కమించి వేయనీయదు. కొన్ని బొడిపెలు ఏర్పడగనే వేరు ఆకులకు కబురంపును. ఆకులు ‘‘ఇక చాలు’’నని ప్రత్యుత్తరమంపును. ఈ ఆజ్ఞ చెడిన సోయా వంశములను 1985లో ఆస్ట్రేలియాలో పెంచి చూచిరి. వేళ్ళు బొడిపెలతో నిండిపోయినవి. మొక్క మాత్రము గిడసబారినది. కూలీలు హెచ్చయి పంట తరిగిన సేద్యమువంటిది. మట్టిలో నత్రజని సమృద్ధిగా నున్నప్పుడును మొక్క ఇదేవిధముగ బొడిపెలు ఆపివేయును. చేతిలో రొక్కమున్నవాడు వడ్డీకి అప్పు తెచ్చునా? మినుముమీద యూరియా చల్లు మన పిల్లలు ఈ ఒక్క సంగతి జ్ఞాపకముంచుకొనవలెను. విత్తునాడు వేయు కొద్దిపాటి నత్రజని వేరుమాట. అది మొలక నిలదొక్కుకొనుటకు. బొడిపెలు పనిచేయు దినములలో బస్తా విప్పిన, జీతమిచ్చి పెట్టుకొన్న పనివానిని ఇంటికి పంపి, అదే పనికి బయట కూలి యిచ్చినట్లగును.

పనివాడు సోమరియైనచో? ఈ ప్రశ్న నన్ను చాలనాళ్ళు వేధించినది. ఇంట జేరి, చక్కెర తిని, నత్రజని పట్టక ఊరకుండు బాక్టీరియాకు లాభమే గదా! అట్టివి వృద్ధియై నిజాయితీపరులను తరిమివేయవా? 2003లో అమెరికాలో టోబీ కీర్స్ బృందము సోయా బొడిపెలమీద దీనిని పరీక్షించినది. గాలిలో నత్రజనిని తీసివేసి దాని స్థానమున ఆర్గాన్ అను నిస్సారవాయువును పంపిరి. బాక్టీరియాలు మంచివే, పట్టుటకు నత్రజని లేదు. మొక్కకు కారణముతో పని లేదు. జమ రాలేదు, అంతే. మొక్క ఆ బొడిపెలకు ఆక్సిజన్ రాకను తగ్గించివేసినది. అందలి బాక్టీరియా సంతానము తక్కిన వానిలో సగమునకు పడిపోయినది. లూసర్ను, బఠాణీలు ఇంకను కఠినమైనవి. అవి తమ సొంత జన్యువులచే చిన్న చిన్న ప్రోటీనులను బొడిపెలోనికి పంపి, లోపలి బాక్టీరియాలను ఉబ్బజేసి, సంతానశక్తి లేనివానిగా మార్చివేయును. పనిలో ప్రవేశించినవాడు మరల తన యూరికి పోడు; గొట్టములో మిగిలిన తమ్ములే మట్టికి తిరిగి పోవుదురు. దీనిని సహజీవనమని మనము ముచ్చటగా పిలుచుచున్నాము. ఇందు ప్రేమకన్న పద్దు ఎక్కువ పనిచేయుచున్నదని నా యభిప్రాయము. పద్దు సరిగా నుండుటచేతనే ఆరుకోట్ల యేండ్లు నిలిచినదేమో! ఈ మాట వినుటకు మా ఇంటిలో నెవరును ఇష్టపడలేదు.

దస్తావేజులో మొక్క భాగము తరతరములకు విత్తనము వెంట పోవును. బాక్టీరియా భాగము అట్లు కాదు; అది చేతులు మారును. రైజోబియంలలో కొన్నింట ఈ జన్యువులు ప్రధానమైన క్రోమోజోములో నుండక, ప్లాస్మిడ్ అను వేరు చుట్టలో నుండును. లూసర్ను బాక్టీరియా జన్యుసంపద నంతను 2001లో చదివి ముగించిరి: మూడు చుట్టలు, అన్నింటను కలిపి సుమారు 6,200 జన్యువులు. నాడ్, నిఫ్ రెండును మూడింటిలో చిన్నదైన చుట్టలోనే యున్నవి. ప్రధాన దస్త్రములో గాక, సంచిలో పెట్టుకొని తిరుగు కాగితమువంటివి.

ఈ చేతులు మారుటను పొలములో కండ్లార చూపినది న్యూజీలాండు. ఆ దేశమున ఒటాగో ప్రాంతపు గడ్డినేలలో పశువుల మేతకై లోటస్ అను పప్పుజాతి మొక్కను విత్తిరి. పేరు లోటస్ అయినను మన తామరకును దీనికిని సంబంధము లేదు. ఇంతకుముందు చెప్పిన జపాను మియకోగుసకు జ్ఞాతి. ఆ నేలలో దానికి తగిన రైజోబియం లేదు. కనుక ఒకే యొక్క వంశపు బాక్టీరియాను విత్తనమునకు పట్టించి చల్లిరి. ఏడేండ్ల తరువాత సల్లివన్, రాన్సన్ మొదలగువారు బొడిపెలు కోసి చూడగా, అందు పెట్టిన వంశము మాత్రమే కాక, దానితో పోలిక లేని ఇతర బాక్టీరియాలును కాపురముండెను! వాని క్రోమోజోములు వేరు వేరు. నాడ్, నిఫ్ జన్యువుల భాగము మాత్రము అందరికిని ఒక్కటే, వచ్చిన వంశమునదే. 1995లో దీనిని ప్రకటించిరి. 1998 నాటికి ఆ భాగపు కొలత, అది చేరుచోటు కూడ తేలినవి. సుమారు అయిదులక్షల అక్షరముల ద్వీపము. అది ఒక బాక్టీరియానుండి వేరొకదానికి దాటి, అచ్చట నిర్ణీతమైన ఒక జన్యువు కొసన అతుకుకొనును. అంతవరకు మన్నులో అనామకముగా బ్రదికిన బాక్టీరియా ఆనాటినుండి ఇంటివాడయ్యెను. ఏడేండ్లలో! కోట్లయేండ్ల పరిణామమని మనము చదువుకొనునది ఒక రైతు కౌలుగడువులో జరిగిపోయినది.

దీనికి చేదు ప్రక్కయు కలదు. పశ్చిమ ఆస్ట్రేలియాలో బిసెరుల అను మేతమొక్కతో పాటు ప్రవేశపెట్టిన బాక్టీరియానుండి ఇట్లే ద్వీపము స్థానిక బాక్టీరియాలకు దాటినది. ఆరేండ్లకు చూడగా, ఆ క్రొత్త ఇంటివారిలో కొందరు బొడిపెలు వేయుదురు గాని నత్రజని సరిగా పట్టరు. దస్తావేజు దొరికినది, పనితనము దొరకలేదు. అంగడిలో కొనితెచ్చిన మేలిరకపు కల్చరు మన పొలములో శాశ్వతముగా మేలిరకముగనే యుండునని తలచువారు ఈ వృత్తాంతమును గమనింపవలెను.

వేరుసెనగ విషయము చెప్పెదనంటిని. పటాన్‌చెరువులో 1972లో స్థాపింపబడిన ఇక్రిశాట్ పరిశోధనాలయమున, రెండు వేరుసెనగ రకముల సంకరమునుండి పుట్టిన సంతానములో కొన్ని మొక్కలు పసుపుపచ్చగా కనబడెను. పీకి చూడగా వేళ్ళకు ఒక్క బొడిపెయు లేదు. అదే మన్ను, అదే బాక్టీరియా; ప్రక్క మొక్కలకు బొడిపెలు నిండుగా నున్నవి. లెక్క చూడగా రెండవతరమున పదునైదు మొక్కలకు బొడిపెలు, ఒకదానికి లేమి. మెండెలు లెక్క నెరిగినవారు ఇట్టే చెప్పుదురు: మొక్కలో రెండు జన్యువులు ఒకే పనికి ఉన్నవి; ఒకటి చెడినను రెండవది నడపును; రెండును చెడిన పదునారవ మొక్కకే తలుపు మూతపడును. 1980లో ప్రకటించిన ఈ చిన్న లెక్క, దస్తావేజులో మొక్క సంతకము ఎంత ముఖ్యమో మన గడ్డమీదనే చూపినది. ప్రతి యింటికిని రెండవ తాళపుచెవి నొకటి చేయించి పెట్టుకొనిన జాగ్రత్త వేరుసెనగది. ఆ జాగ్రత్త కూడ విఫలమైన మొక్కలు శాస్త్రజ్ఞులకు మిక్కిలి యుపయోగపడినవి: నత్రజని యెంత గాలినుండి వచ్చెనో, యెంత మట్టినుండి వచ్చెనో కొలుచుటకు ఇట్టి బొడిపె లేని మొక్కకన్న మంచి తూకపురాయి లేదు.

ఇక మన పొలములకు. మినుము, పెసర, వేరుసెనగ, జనుము ఏండ్లతరబడి వేయుచున్న నేలలో వానికి చెల్లు బాక్టీరియాలు అనాదిగా కాపురమున్నవి. ప్యాకెట్టులో వచ్చిన క్రొత్తవాడు వానితో పోటీపడి చోటు సంపాదించుకొనవలెను. ఒక్కొక్కప్పుడు సంపాదించును, ఒక్కొక్కప్పుడు ఓడును. కావున ఒక యేడు లాభము కనబడలేదని ప్యాకెట్టును నిందింపవలదు, కనబడినదని పూజింపవలదు. సెనగ మాట వేరు. దాని బాక్టీరియా ముద్ర మినుము ముద్ర కాదు. ఎన్నడును సెనగ వేయని చేనిలో మొదటిసారి వేయువారు కల్చరు తప్పక పట్టింపవలెను. సోయాకును అంతే. పట్టించు విధానము ప్యాకెట్టుమీదనే యుండును. అయినను తల్లులు వినుచున్నారు గనుక చెప్పుదును: బెల్లము కలిపి కాచిన నీరు పూర్తిగా చల్లారినగాని కల్చరు కలుపరాదు, పట్టించిన గింజలను నీడలో ఆరవేయవలెను, ఎండలో కాదు. శిలీంధ్రపు మందు పట్టించువారు అది ముందు, కల్చరు చివర పట్టింపవలెను. అందున్నది ఎరువు కాదు, ప్రాణి.

ఈ బల్లమీద రెండు మినుపమొక్కలు మట్టి కడిగి యుంచితిని. ఒకటి మా చేనిది. వేరొకటి, పూతదశకు ముందు రెండుమారులు యూరియా చల్లిన చేనిది. చేని పేరు అడుగవలదు. ప్రక్కన బ్లేడును, గ్రంథాలయపు భూతద్దమును ఉన్నవి. సభ ముగిసిన పిమ్మట పిల్లలు ఒక్కొక్కరుగా వచ్చి బొడిపెను అడ్డముగా కోసి రంగు చూడుడు. ఎర్రనివెన్ని, పచ్చనివెన్ని, తెల్లనివెన్ని యని ఈ కాగితముమీద గీతలు గీయుడు. కూడిక నేను వేయుదును.